ఒక పవరు కాగితం చింపితే రెండు మిగిలాయి

మా అమ్మాయి ఇంట్లో, దాని ఆఫీసు గదిలో, దాని కళ్ళ ముందే ఒక కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. అందుకు ఇవాళ్టికీ నాకు పశ్చాత్తాపం లేదు. నేను చేసిన తప్పు ఒకటే. అలాంటివి ఇంకా రెండున్నాయని మరచిపోయాను.

ఆ కాగితం పేరు పవర్ ఆఫ్ అటార్నీ. మనవాళ్ళు జీపీఏ అంటారు. మన ఊళ్ళలో స్థలాలు కొనేవాళ్ళు రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి జీపీఏ రాయించుకోవడం నేను చాలా చూశాను. అందుకని ఆ మూడక్షరాలు చెవిన పడితే మనకు తోచే అర్థం ఒకటే. ఆస్తి చేతులు మారింది, ఇక నోరెత్తి లాభం లేదు. నాకేమో ఆస్తి లేదు. ఈ దేశంలో నాకున్నది ఐసెలిన్‌లో రెండో అంతస్తులో అద్దెకున్న ఒక పడగ్గది ఇల్లు, ఒక కుట్టుమిషను, నాలుగు గిన్నెలు. నా దగ్గర ఎవరు మాత్రం ఏం తీసుకుంటారులే అని సంతకం పెట్టేశాను. తీసుకోవడానికి ఇంకొకటి ఉందని తరవాత తెలిసింది.

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి వరకే. మిగతా చదువు వారపత్రికల్లో చదువుకున్నదే. మా ఇంటి దగ్గర ఓక్ ట్రీ రోడ్డులోని చీరల షాపుల వాళ్ళకు చీరలకు ఫాల్ కుట్టి ఇస్తాను, పికో చేసిస్తాను, జాకెట్లకు హుక్కులు వేస్తాను. మా వారు పోయాక మా అమ్మాయి నన్ను వేరే రాష్ట్రంలో ఉన్న షాంటిలీకి, తన దగ్గరికి వచ్చి ఉండిపొమ్మంది. అక్కడ దాని ఇల్లు పెద్దది. కింద నాకంటూ ఒక గది, దానికో స్నానాల గది కూడా చూపించింది. కానీ ఆ ఇంట్లోంచి కరివేపాకు రెబ్బ కొనాలన్నా ఎవరో ఒకరు కారు తియ్యాలి. ఐసెలిన్‌లో నేను నడిచి వెళ్తాను. ధర నచ్చకపోతే పక్క షాపుకి వెళ్తాను. అక్కడా నచ్చకపోతే ఆ పూట కరివేపాకు లేకుండానే పప్పు వండుకుంటాను. ఆ నిర్ణయం నాది. మా అమ్మాయికి ఇది ఎన్నిసార్లు చెప్పినా మొండితనంలాగే వినిపించేది.

కిందటేడు నా కుడి మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు. ఆపరేషన్ షాంటిలీ దగ్గరే చేయించుకుని అక్కడే కోలుకోవాలని మా అమ్మాయి అంది. సరేనన్నాను. మోకాలు తెగేది నాకే అయినా కట్లు మార్చేది అది కదా. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున ఒక కాగితాల కట్ట తెచ్చింది. మత్తులో ఉన్నప్పుడు బ్యాంకు పనో, అద్దె పనో పడితే నా బదులు అది చూడటానికట. ఇంటర్నెట్‌లో దొరికిన ఫారం ప్రింట్ తీసి, ఖాళీల్లో పేర్లు నింపింది. పార్సిళ్ళు కట్టే షాపులో నోటరీ ఉంటాడంటే అక్కడికి వెళ్ళాం.

“అమ్మా, ఇక్కడ పెట్టు. ఇక్కడ, ఇక్కడ కూడా. మూడు సెట్లు,” అంది.

“మూడెందుకు? ఒకటి చాలదా? కాగితం దండగ.”

“ఒకటి బ్యాంక్‌కి, ఒకటి నీ అపార్ట్‌మెంట్ ఆఫీస్‌కి, ఒకటి నా ఫైల్‌లో. అందరూ ఒరిజినలే అడుగుతారమ్మా.”

నేను తెలుగులో సంతకం పెడతాను. బడి నాకిచ్చింది ఆ ఒక్కటే, దాన్ని వదులుకోను. నోటరీ ఆ సంతకం వైపు తల అటూ ఇటూ తిప్పి చూసి ఏదో అడిగాడు.

“ఇంగ్లీష్‌లో పెట్టొచ్చుగా అమ్మా. ఇదేంటని అడుగుతున్నాడు.”

“నా పేరని చెప్పు.”

“పేరేనా అంటున్నాడు.”

“మరి ముగ్గనుకున్నాడా?”

నా పాస్‌పోర్టు తీసి అతని ముందు పెట్టాను. అందులోనూ అదే సంతకం. పక్కపక్కన పెట్టి చూసుకుని ఒప్పుకున్నాడు. నువ్వు ఇష్టపడే పెడుతున్నావా అని నన్నే చూస్తూ అడిగాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. యెస్ అన్నాను. మూడింటి మీదా ముద్ర కొట్టాడు.

కారెక్కాక అడిగాను, “ఆపరేషన్ అయిపోతే ఈ కాగితం కూడా అయిపోయినట్టేనా?”

“ఆఁ, అంతేనమ్మా.”

అది అబద్ధం చెప్పిందని నేననను. ఆ కాగితం అదీ చదవలేదు, నేనూ చదవలేదు. మూడో తరగతి చదివినదాన్ని కాబట్టి నాకొక సాకుంది. దానికి లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మా అమ్మాయి నన్ను కంటికి రెప్పలా చూసుకుంది, ఆ మాట కూడా రాయాలి. పొద్దున్నే లేచి మోకాలి మీద ఐసు పెట్టేది. ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది. నాకు ఇష్టమని దొండకాయలు నాలుగు షాపులు తిరిగి తెచ్చేది. ఐదో వారానికి కర్ర పట్టుకుని నడిచాను. ఆరో వారానికి కర్ర గోడకి ఆనించి నడిచాను. ఇక నన్ను మా ఇంట్లో దింపమన్నాను. ఈ వీకెండ్ కాదమ్మా అంది. ఆ తరవాతి వీకెండ్ కూడా కాదంది. పనులున్నాయేమోలే అనుకుని ఊరుకున్నాను.

అంతలో ఒకరోజు మధ్యాహ్నం ఐసెలిన్ నుంచి ఫోన్ వచ్చింది. నేను ఎక్కువగా పని చేసిపెట్టే చీరల షాపతను.

“పిన్నిగారూ, మోకాలు ఎలా ఉందండీ?”

“వంగుతోంది. ఏంటి విషయం?”

“అబ్బే, ఏం లేదండీ. మీరు ఇల్లు ఖాళీ చేసేస్తున్నారట కదా. మిషన్ అమ్మేసేటట్టయితే ముందు నాకే చెప్పండి. మీ దగ్గర బేరం ఆడను.”

“నేను ఖాళీ చేస్తున్నానని నీకెవరు చెప్పారు?”

“మీ బిల్డింగ్ ఆఫీసావిడేనండీ. చూసుకోవడానికి ఎవరో జంట కూడా వచ్చి వెళ్ళారట.” అంతలో అతనికే అనుమానం వచ్చినట్టుంది. “మీకు తెలియదాండీ?”

“మిషను అమ్మను. నువ్వు బేరం ఆడినా అమ్మను, ఆడకపోయినా అమ్మను,” అని పెట్టేశాను.

మా అమ్మాయి పైన దాని ఆఫీసు గదిలో ఉంది. ఆ మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఎక్కాను. అది చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటరుతో మాట్లాడుతోంది.

“నా ఇల్లు ఖాళీ చేస్తున్నానని ఎవరు చెప్పారు వాళ్ళకి?”

“అమ్మా, ఐదు నిమిషాలు. మీటింగ్‌లో ఉన్నాను.”

“నీకు మీటింగ్ ఉంది. నాకు ఇల్లు లేదు. ఏది ముందు?”

హెడ్‌ఫోన్లు తీసింది. నా వైపు చూడకుండా, ముందే తయారు చేసి పెట్టుకున్న మాటల్లా చెప్పింది.

“నెలాఖరుకి లీజ్ ఎక్స్‌పైర్ అవుతోందమ్మా. రెన్యూ చేయట్లేదని నోటీస్ పంపాను. లిఫ్ట్ లేకుండా రెండు ఫ్లోర్లు ఎలా ఎక్కుతావు? ఒకసారి బాత్‌రూమ్‌లో పడ్డావు. నాకు చెప్పను కూడా చెప్పలేదు. ఆ షాపతను చెబితే తెలిసింది.”

“పడ్డాను. లేచాను. లేచిన సంగతి వాడు చెప్పలేదా?”

“నేను నీ ఏజెంట్‌నమ్మా. పేపర్‌లో అలాగే ఉంది. నీ మంచి కోసం డిసైడ్ చేసే రైట్ నాకుంది.”

“ఏజెంటా? ఏ ఏజెంటువి? ఇన్సూరెన్సు ఏజెంటువా, పెళ్ళిళ్ళ ఏజెంటువా?”

“జోక్స్ వద్దమ్మా. అది డ్యూరబుల్. ఆపరేషన్‌తో అయిపోదు. నీకు మతి... నీకేమైనా అయినా కూడా పనిచేస్తూనే ఉంటుంది.”

“డ్యూరబుల్ అంటే ఏంటి?”

“అంటే... మన్నికైనది.”

మన్నిక అనేది చీరకు చూస్తాం, స్టీలు గిన్నెకు చూస్తాం. మనిషి మాట పోయాక కూడా మన్నే కాగితం ఉంటుందని నాకు తెలియదు. ఏదీ చూపించమన్నాను. ఫైలు తెరిచి తీసిచ్చింది. చివరి పేజీలో నా సంతకం ఉంది. మా వైపు ఒప్పందం చెడిపోతే పెద్దమనుషులు అందరి ముందూ ఆ కాగితాన్ని చింపేసేవారు. చింపితే తెగిపోయినట్టే, మళ్ళీ దాని మాట ఎత్తేవాళ్ళు కాదు. నేనూ అలాగే చింపాను.

మా అమ్మాయి ముక్కల వైపు చూసింది. తరవాత దానికి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“అమ్మా, అదొక్కటే కాదు. బ్యాంక్‌లో ఒకటుంది, నీ బిల్డింగ్ ఆఫీస్‌లో ఒకటుంది. మూడిటి మీదా నువ్వే పెట్టావు, ఆ ముగ్గు.”

“అయితే వెళ్ళి ఆ రెండూ కూడా చింపుతాను. నన్ను దింపు.”

“దింపను.”

ఆ రెండు మాటలతో మాకు మాటలు ఆగిపోయాయి. నెలాఖరుకు ఇంకా రెండున్నర వారాలుంది.

అది దింపకపోతే నాకు దారి లేదనుకుంది. షాంటిలీలో మనవాళ్ళు పెళ్ళి చీరలు కొనాలంటే కార్లు వేసుకుని ఐసెలిన్‌ దాకా వెళ్తారన్న సంగతి అది మరచిపోయింది. కూరగాయల షాపులో పరిచయమైన ఒకావిడ ఆ శనివారమే కూతురి పెళ్ళి చీరలకు బయలుదేరుతోంది. నేనూ వస్తానన్నాను. కారులో నాలుగైదు గంటలూ ఏ షాపువాళ్ళ జరీ నల్లబడుతుందో, ఏ షాపులో ఫాల్ అడ్డదిడ్డంగా కుట్టిస్తారో వాళ్ళకు చెబుతూ కూర్చున్నాను. ఊరికే ఎక్కాననిపించుకోవడం నాకిష్టం ఉండదు.

మా బిల్డింగ్ ఆఫీసావిడ మంచిదే. కానీ నేనేం చెప్పబోయినా మా అమ్మాయి ఇచ్చిన కాగితం తీసి నాకు చూపించేది. “మై హౌస్. ఐ నో గో,” అన్నాను. ఆవిడ చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, “యువర్ డాటర్! టాక్ టు యువర్ డాటర్!” అంది. నా సంతకమున్న కాగితమే నన్ను పక్కకు నెట్టి, నా ఇంటి గురించి మాట్లాడే పని వేరేవాళ్ళకు ఇచ్చేసింది. నేనక్కడే నిలబడి ఉన్నా ఆవిడకు కనబడింది మా అమ్మాయే.

చింపుతాను ఇవ్వమంటే ఇవ్వదని అర్థమైంది. లైబ్రరీకి వెళ్ళాను. నేను అక్కడి తెలుగు పుస్తకాలు చదువుతాను కాబట్టి అక్కడివాళ్ళు నన్ను ఎరుగుదురు. పెద్దవాళ్ళకు బుధవారాలు ఉచితంగా సలహా చెప్పే లాయరు వస్తుందని గోడ మీద కాగితం ఉంటే, అక్కడి అమ్మాయి నా పేరు రాసింది.

లాయరమ్మకు నా వయసే ఉంటుంది. స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగితే పారేయకుండా సూదితో అల్లి సరిచేసుకుంది. పని శుభ్రంగా ఉంది. ఈవిడతో మాట్లాడవచ్చు అనుకున్నాను. నాతో ఎవరూ రాలేదా అని అడిగి, రాలేదంటే మంచిదన్నట్టు తలూపింది. తరవాత ఫోన్ బల్ల మీద పెట్టి ఏవో అంకెలు నొక్కింది. అందులోంచి ఒకావిడ గొంతు తెలుగులో వినపడింది. తెలంగాణ తెలుగు.

“నమస్తే అమ్మా. నేను ఫోన్‌ల నుంచే తర్జుమా చేస్త. మేడమ్ ఏం చెప్తే గదే చెప్త, మీరేమంటే గదే వాళ్ళకు చెప్త. మంచిదేనా?”

“మంచిదే. గట్టిగా చెప్పు.”

“మేడమ్ అడుగుతున్నరు, ప్రిన్సిపాల్ మీరేనా అని.”

“నేనా? మూడో తరగతితో ఆపేసినదాన్ని, ప్రిన్సిపాల్‌ని ఎలా అవుతాను?”

ఆవిడా లాయరమ్మా కాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

“అమ్మా, బడి ప్రిన్సిపాల్ కాదంట. గీ కాయితంల అధికారం ఇచ్చినోళ్ళను ప్రిన్సిపాల్ అంటరంట. తీసుకున్నోళ్ళు ఏజెంట్. అంటే మీరే పెద్ద. మీ బిడ్డ మీ తరఫున పనిచేసే మనిషి, గంతే.”

ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాను.

“మూడుసార్లు అయితదమ్మా.”

“మూడు సంతకాలు పెట్టాను. మూడుసార్లు వింటాను.”

తరవాత లాయరమ్మ ఇవాళ ఏ రోజు అని అడిగింది. నేనెక్కడ ఉంటున్నాను, ఆ కాగితం ఏం చేస్తుంది, దాన్ని తీసేస్తే ఏమవుతుంది, ఇవన్నీ వరసగా అడిగింది.

“నాకు మతి పోయిందేమోనని చూస్తోందా?”

“అట్ల కాదమ్మా. సోయి ఉన్నప్పుడే దీన్ని తీసేయనీకి వస్తదంట. పోయినంక రాదు. రేపు ఎవ్వరన్న అనుమానం పెడితే మీకు మంచి సోయి ఉండెనని చెప్పనీకి రాసుకుంటున్నరు.”

“అయితే రాసుకోమను. ఇవాళ బుధవారం. ఈ కాగితం ఉంటే నా ఇంటి సంగతి నన్నడగరు, తీసేస్తే అడుగుతారు. బయట హాల్లో గడియారం ఐదు నిమిషాలు వెనక నడుస్తోంది. అదీ రాసుకోమను.”

లాయరమ్మ లేచి వెళ్ళి ఆ గడియారం చూసి, తన చేతి వాచీ చూసుకుని, వచ్చి రాసుకుంది.

“మీరు ఇచ్చిన అధికారం మీరు ఎప్పుడంటే అప్పుడు ఉపసంహరించుకోవచ్చునంట.”

“ఉపసంహరణ ఏంటి? నేనేమన్నా నామినేషన్ వేశానా?”

“వాపస్ తీసుకోవచ్చమ్మా.”

“అలా చెప్పు. కారణం చెప్పాలా?”

“అక్కర్లేదంట.”

“మా అమ్మాయి ఒప్పుకోవాలా?”

“అసలు అక్కర్లేదంట.”

ఆ రెండు అక్కర్లేదులు వినడానికే నేను షాంటిలీ నుంచి వచ్చాను. కాగితం చింపిన సంగతి చెప్పాను. లాయరమ్మ నవ్వలేదు. మా రాష్ట్రంలో చింపడం కూడా ఒక పద్ధతేనట. కానీ సంతకం పెట్టిన అసలు ప్రతులు ఎన్నుంటే అన్నీ చింపాలి. అంటే పద్ధతి సరైనదే, పని మాత్రం మూడో వంతే చేశాను. రెండో పద్ధతి, తీసేస్తున్నానని రాసి నోటరీ ముందు సంతకం పెట్టడం. మూడోది, తీసేశానని రాసిన కాగితం ఏజెంటు చేతికే అందించడం.

“నోటితో చెబితే?”

“చెల్లదంట.”

“అరిస్తే?”

ఫోన్లో ఆవిడ ఈ ప్రశ్న కూడా తర్జుమా చేసింది. అరిచినా చెల్లదట.

ఇంకొకరి పేరున కొత్త కాగితం రాస్తే పాతది దానంతటదే పోతుందా అని అడిగాను. పోదట. పాతది రద్దని అందులో విడిగా రాయాలట. మరి నేను చచ్చిపోతే?

“మీతోనే అదీ పోతదంట అమ్మా.”

సరే, నా వెంట వచ్చేది అదొక్కటన్నమాట అనుకున్నాను.

అప్పుడు లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. చేదు మాట చెప్పబోయే ముందు డాక్టర్లు కూడా ఇలాగే చేస్తారు.

“ఇల్లు సంగతి వేరంట అమ్మా. మీరు ఇయ్యాల తీసేస్తే ఇయ్యాల్టి నుంచే. మీ బిడ్డ నోటీసు ఇచ్చినప్పుడు ఆమెకు అధికారం ఉండె. కాబట్టి ఆ నోటీసు నిలబడతదంట. మీరు పోయి అడగొచ్చు, గని వాళ్ళు ఒప్పుకోవాల్నని లేదు.”

కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. ఇది అలా కాదు. అప్పటిదాకా ధైర్యంగా కూర్చున్నదాన్ని, ఆ ఒక్క మాటకు నీళ్ళు కావాలన్నాను. తాగి, ఇక రాయమన్నాను.

ఆవిడ ఇంగ్లీషులో ఒక పేజీ రాసింది. ఫోన్లో ఆవిడ ప్రతి వాక్యం నాకు తెలుగులో చెప్పింది. నేను చదవకుండా పెట్టే రోజులు అయిపోయాయి. కింద నా చేత్తో తెలుగులో ఒక వాక్యం రాయవచ్చా అని అడిగితే రాయవచ్చంది. “నేనిచ్చిన అధికారం నేనే వెనక్కి తీసుకుంటున్నాను” అని రాశాను. లైబ్రరీలోనే నోటరీ ఉంది. నా సంతకం చూసి ఆవిడేమీ అడగలేదు.

ఆ కాగితం మన దగ్గర పెట్టుకుంటే చాలదు. పాతదాన్ని నమ్మి పనిచేసేవాళ్ళకు రద్దయిన సంగతి తెలియకపోతే, వాళ్ళు చేసిన పనికి తప్పు పట్టడం కుదరదట. అందుకని ఎవరెవరి దగ్గర పాతది ఉందో అందరికీ చేర్చి, చేరినట్టు రుజువు ఉంచుకోమంది. మా అమ్మాయికి రిజిస్టర్ పోస్టు చేశాను. బ్యాంకుకు నేనే వెళ్ళి ఇచ్చాను. అక్కణ్ణుంచి నేరుగా మా బిల్డింగ్ ఆఫీసుకు వెళ్ళాను.

ఆవిడ చదివింది. ఈసారి గట్టిగా మాట్లాడలేదు. నా కాపీ మీద ముద్ర వేయమన్నాను. సంతకం చేస్తానంది. సంతకమూ కావాలి, ముద్రా కావాలి. మన ఆఫీసుల్లో ముద్ర లేని కాగితాన్ని ఎవరు ఖాతరు చేస్తారు? ఆవిడ దగ్గర ఉన్నది పార్సిళ్ళ మీద వేసే తేదీ ముద్ర ఒక్కటే. అదే వేయించాను. కొంచెం వంకరగా పడితే మళ్ళీ వేయించాను.

తరవాత నా ఇల్లు అడిగాను. ఆవిడ కంప్యూటరు నా వైపు తిప్పి చూపించింది. ఆ జంట అప్పటికే లీజు మీద సంతకం పెట్టేశారు. ఒకటో తారీకు వస్తారు. నేను వెళ్ళిపోలేదు. ఆవిడ బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ మెయిళ్ళు చూసుకుంది, నేను కూర్చున్నాను. ఎవరో పార్సిలు కోసం వచ్చి వెళ్ళారు, నేను కూర్చున్నాను. మోకాలు పీకుతోంది. ముఖంలో కనపడనివ్వలేదు. చివరికి ఆవిడ తాళాల గుత్తి తీసుకుని రమ్మని సైగ చేసింది.

వెనక వైపు కింద ఒక గది ఉంది. అంతా కలిపి ఒకటే గది, మూలన వంటగట్టు. గోడకు అవతల బిల్డింగ్ అందరి బట్టలు ఉతికే యంత్రాలు. ఆ చప్పుడుకు ఎవరూ తీసుకోరట. చప్పుడు నాకు కొత్త కాదు, మిషను కుట్టేదాన్ని. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. బట్టలు ఆరబెట్టే యంత్రాల వేడికి గోడ వెచ్చగా ఉంది. చలికాలం హీటరు సగం తిప్పితే చాలు. ఆ సంగతి పైకి అనలేదు. మొహం చిట్లించి, సరే తీసుకుంటానన్నాను. లీజు నా పేరు మీద రాశారు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టాను.

శనివారం మా అమ్మాయి వచ్చింది. పైన నా సామాను సగం అట్టపెట్టెల్లో ఉంది. రిజిస్టర్ పోస్టు కవరు చేతిలో పట్టుకునే వచ్చింది.

“కన్నకూతురికి రిజిస్టర్ పోస్ట్ పంపుతావా అమ్మా?”

“నోటితో చెబితే చెల్లదట. అరిచినా చెల్లదట. అడిగాను.”

“నేనేమన్నా నీ ఇల్లు అమ్ముకున్నానా? మా ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను. అది కూడా తప్పేనా?”

“తెచ్చుకోవడం తప్పు కాదు. అడగకపోవడం తప్పు.”

“అడిగితే నువ్వు ఒప్పుకోవుగా!”

“ఒప్పుకోను. అందుకే అడగాలి.”

అది అట్టపెట్టె మీద కూర్చుంది. చేతిలోని కవరు మడుస్తూ అంది.

“నువ్వు పడ్డావని ఎవరో షాపతను చెబితే నేను తెలుసుకోవాలా అమ్మా? ఆ రోజు నుంచి ఫోన్ మోగితే చాలు, నీ గురించేనేమో అనిపించేది నాకు.”

పడిన సంగతి చెప్పకపోవడం నా తప్పే. ఆ ఒక్కటి ఒప్పుకున్నాను. ఇంకేదీ ఒప్పుకోలేదు. కొత్త గది చూపిస్తే, “పోనీలే, మెట్లు లేవు,” అంది. మెట్ల కోసం తీసుకోలేదని చెప్పాను.

పెట్టెలు కిందికి దించాక అడిగింది, “మరి నీకు నిజంగా ఏదైనా అయితే? ఏ పేపరూ లేకపోతే కోర్టుకి వెళ్ళి నన్ను గార్డియన్‌గా పెట్టమని అడగాలి. ఎన్ని నెలలు పడుతుందో తెలుసా?”

తెలుసు. లాయరమ్మ అదీ చెప్పింది. అందుకే తరవాతి బుధవారం మళ్ళీ వెళ్ళి కొత్త కాగితం రాయించాను. ఏజెంటు మా అమ్మాయే. అయితే నాకు సోయి లేదని డాక్టరు రాసిస్తేనే అది మొదలవుతుంది. అలా పెడితే అవసరం వచ్చినప్పుడు డాక్టరు చీటీ కోసం పని ఆలస్యమవుతుందని లాయరమ్మ హెచ్చరించింది. కానివ్వమన్నాను. పాతవన్నీ రద్దని మొదటి వాక్యంలోనే ఉంది. అసలు ప్రతి ఒక్కటే, రెండోది రాయనివ్వలేదు. నేనుండే ఇంటిని ఖాళీ చేసే అధికారం మాత్రం ఇవ్వలేదు.

చదవమని చేతికిస్తే మా అమ్మాయి ఆ వాక్యం దగ్గర ఆగింది. “నీకు నా మీద నమ్మకం లేదా అమ్మా?”

“నమ్మకం లేకపోతే నీ పేరెందుకు రాయిస్తాను? ఇల్లు ఒక్కటీ నాది. మిగతాదంతా నీకు రాశాను కదా.”

“మిగతాది అంటే ఏముందమ్మా నీ దగ్గర?”

“ఏమీ లేదు. అందుకే ఇల్లు ఇవ్వలేదు.”

అది నవ్వింది. నేను నవ్వలేదు. హాస్యానికి చెప్పిన మాట కాదది.

నా వయసు వాళ్ళు చాలామంది పిల్లలు పెట్టమన్న చోటల్లా సంతకాలు పెడుతున్నారు. పెట్టండి, వద్దనను. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో, ఎన్ని ప్రతులున్నాయో అడిగి పెట్టండి. అడిగితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోనివ్వండి, ఏం కాదు.

కొత్త గదిలోకి మారిన మరుసటి వారం మా అమ్మాయి ఫోన్ చేసింది.

“అమ్మా, కరెంట్ ఆఫీస్ వాళ్ళు నాకు కాల్ చేశారు. వాళ్ళ దగ్గర నా నంబరే ఉందట. కొత్త రూమ్ మీటర్ నీ పేరు మీద పెట్టాలా, నా పేరు మీద పెట్టాలా అని అడుగుతున్నారు.”

“నువ్వేం చెప్పావు?”

“ఏం చెప్పలేదు. నిన్నడిగి చెబుతానన్నాను.”

“నువ్వు చెప్పక్కర్లేదు. నా నంబరు వాళ్ళకివ్వు. నన్నే అడగమను.”

“సరేనమ్మా,” అంది.